లావోస్‌కు తెలుగు మాట

బియ్యంలో పసుపు కలుపుతున్నాను. తడి చేత్తో కలిపితే ముద్దలు కడుతుంది, ఉత్త పొడి చేత్తో కలిపితే గింజకు పట్టదు. అందుకని అరచేతికి ఒక్క చుక్క నూనె రాసుకుని, గింజ విరగకుండా మెల్లగా రుద్దాలి. సోలాపూర్ హోట్గి రోడ్డులో మేమున్న ఈ కాలనీలో మగ్గాల చప్పుడు వినపడదు. ఆటోల హారన్లు, పై అంతస్తు నుంచి దిగే నీళ్ళ చప్పుడు, అంతే. అయినా మధ్యాహ్నపు వేడికి పసుపు వాసన గదిలో లేచేసరికి నా చెవుల్లో ఎక్కడో మగ్గం మొదలవుతుంది. టక్, టకటక్, టక్. ఆ చప్పుడు వెనక ఒక ముసలి గొంతు, "తొందరపడకు బిడ్డా, మాట దొరికేదాంక కూసుందాం" అంటుంది. చేతులు బియ్యంలోనే ఉంటాయి, నేను మాత్రం ఒకప్పుడు మేమున్న దాజీ పేట్‌కు వెళ్ళిపోతాను.

ఆ గొంతు సుగుణ టీచరమ్మది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. తెలుగు బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. నుదుట బొట్టు ఉండదు, మెడలో నల్లపూసలు మాత్రం ఉండేవి. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలను వేలి కొసతో కాక వేలి కణుపుతో పైకి నెట్టుకునేది. సుద్దముక్క పట్టిన చేతికి వచ్చిన అలవాటది, రిటైరైనా పోలేదు. ఇప్పుడు నేనొక చిన్న ప్రెస్సులో పెళ్ళిపత్రికల తెలుగు సరిచూస్తుంటాను. పత్రికలో "బంధుమిత్ర సపరివారంగా" అన్నచోట నా పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. ప్రెస్సు ఓనరుకు ఒళ్ళు మండుతుంది. మాటను చేతిలోకి తీసుకుని బరువు చూసే ఈ జబ్బు నాకు టీచరమ్మ అంటించిందే.

నేను కామారెడ్డి దిక్కు పల్లె నుంచి సోలాపూర్ కోడలిగా వచ్చాను. మా ఆయన సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, చద్దర్లు నేసేవాడు. మా అత్తమ్మ రాజవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. దాజీ పేట్‌లో మేముండే గల్లీకి మూడు వాసనలు: గంజి, తంబాకు, పక్క సందులోని రంగుల కార్ఖానా. ఆ కార్ఖానా నుంచి వచ్చే కాలువ ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా మా గుమ్మం ముందునుంచి పారేది. రాత్రి వచ్చిన కలలో రంగు పొద్దున కాలువలో కనిపించిందని నేను ఒకటి రెండుసార్లు నమ్మాను కూడా. కొత్త ఊళ్ళో, రాని మరాఠీ మధ్య, మనిషికి అలాంటి నమ్మకాలు కుదురుతాయి.

వచ్చిన కొత్తలో అత్తమ్మ నన్ను గల్లీ అంతా తిప్పింది. "గీళ్ళు మనోళ్ళు. గాళ్ళు గూడ మనోళ్ళే. గా మూల మీద దుకాణమాయన మరాఠాయన, లయ్ మంచోడు గాని మనోడు గాదు." అలా ఇల్లిల్లూ ముద్ర వేసుకుంటూ నడిచింది. మా పక్కింటి ముందుకు వచ్చేసరికి అడుగు వేగం పెరిగింది. "గామె కిరస్తానపామె" అని, నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మనోళ్ళో కాదో మాత్రం చెప్పలేదు. ఊరంతా తెలుగు వినిపిస్తున్నా, ఆ "మనోళ్ళు"లో నేనింకా పూర్తిగా చేరలేదని నాకు తెలుస్తూనే ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైన రోజున నేను "కామారెడ్డోళ్ళ పిల్ల"ను అయిపోయేదాన్ని.

ఊరి నుంచి సామాను చుట్టుకొచ్చిన పాత తెలుగు పేపరు ముక్కలు నా దగ్గర కొన్ని ఉండేవి. బీడీలు చుడుతూ వాటినే పైకి చదివేదాన్ని. చదివిందే చదివేదాన్ని. ఒకరోజు పక్కింటి కిటికీలోంచి, "ఓ పిల్లా, నిన్నటి నుంచి గా వాన వార్తనే సదువుతున్నవ్. వాన ఎప్పుడో ఎలిసిపోయింది. గిటు రా, కొత్తది సదువుకుందువు గాని" అని వినపడింది. అదే మొదటి పలకరింపు.

టీచరమ్మ వయసులో ఉండగా, పెళ్ళయ్యాక, ఆడవాళ్ళ బైబిలు పాఠశాలలో చదివి గ్రీకు నేర్చుకుంది. తమ చర్చిలో కూడే తెలుగువాళ్ళ కోసం, ఆ గ్రంథంలోని ముఖ్యమైన గ్రీకు మాటలకు తెలుగులో అర్థాలు చెప్పే చిన్న పుస్తకం ఒకటి చెయ్యాలని ఆమె ఆశ. ఇంతలో కళ్ళకు మోతీబిందు, అదే శుక్లం, దిగింది. ఆపరేషన్ అయినా ఒక కన్ను తేరుకోలేదు. ఆమె చెప్పాలి, ఎవరో ఒకరు రాయాలి. అత్తమ్మను అడిగితే చాలాసేపు బీడీకి దారం చుడుతూ కూర్చుంది. చివరికి, "పో, గాని చాట గూడ పట్కపో. చెవులు ఆమెకియ్యి, చేతులు నాకియ్యి" అంది. అలా కొన్నేళ్ళ మధ్యాహ్నాలు నేను ఒక చేత్తో గ్రీకు, రెండు చేతులతో బీడీలు చేశాను. ఆ కాగితాల మడతల్లో ఎక్కడ విప్పినా రెండు రవ్వల తంబాకు రాలేది.

గ్రీకు అక్షరాలు నాకు బొమ్మల్లా కనిపించేవి. లామ్‌డా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి. ఆ మనిషితో మొదలయ్యే మాట ఒకటి వచ్చింది. టీచరమ్మ దాన్ని విరిచి పలికింది. లా-ఓస్. "ఇశ్రాయేలు జనాన్ని దేవుడు నా వాళ్ళు అంటడు సూడు, ఆడ గ్రీకుల రాసిన మాట గిదే. లావోస్."

సాయంత్రం ఇంటికి వచ్చాక అత్తమ్మ అడిగింది, "ఇయ్యాల ఏం రాసినవే?"

"లావోస్ అని ఒక మాట రాసిన అత్తమ్మా."

"లావోళ్ళా? ఎవ్వలు? గా దుకాణమాయన పెండ్లాము పేరు గూడ గ్రంథంల ఎక్కిందా?"

మరునాడు ఈ సంగతి చెబితే టీచరమ్మ కళ్ళద్దాలు జారి ఒళ్ళో పడేదాకా నవ్వింది. ఆమె భర్త దానియేలు గారు వాకిట్లోంచి తొంగి చూశారు. ఆయన జీవితమంతా ఆ రంగుల కార్ఖానాలో నూలు అద్దిన మనిషి. గోళ్ళలోంచి నీలం ఏనాడూ పోలేదు. "నవ్వుతున్నది" అన్నారాయన నాతో, అదేదో వార్త చెప్పినట్టు. ఆ ఇంట్లో అంత గట్టి నవ్వు అరుదని నాకు అప్పుడు తెలియదు. అప్పటినుంచి ఆ మాటకు మా మధ్య "లావోళ్ళ మాట" అని పేరు పడింది.

ఆ పుస్తకంలో మిగతా మాటలు ఒక్కొక్కటి ఒకటి రెండు మధ్యాహ్నాల్లో తేలిపోయేవి. లావోళ్ళ మాట మాత్రం తేలలేదు. నెలల తరబడి దాన్ని పక్కన పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పక్కన పెట్టాం.

"జనం అని రాయనా టీచరమ్మా?"

"జనమంటే ఎస్టీ స్టాండుల ఉండరా? బస్సు రాంగనే ఎగబడ్తరు, బస్సు పోంగనే ఎవ్వల తొవ్వ వాళ్ళది. గ్రీకుల దానికి వేరే మాటున్నది. ఓఖ్లోస్. గుంపు. ఇది గుంపు గాదు."

"మరి ప్రజలు?"

"ప్రజలంటే ఓట్లేసెటోళ్ళ లెక్క ఇనబడ్తది. మీద ఎవ్వడో ఒకడు కుర్చీల కూసోవాలె."

"కులం?"

ఆమె మంచి కన్ను నా వైపు తిప్పింది. "కులానికి తాళముంటది బిడ్డా. చెవి ఎవ్వల తాన ఉంటదో నీకెర్కనే."

బయట సాంచెలు ఆగకుండా మోగుతుండేవి. వాటి మోతకు గోడమీది క్యాలెండరు కొద్దిగా వణికేది. ఆ మోతలో ఆమె మెల్లగా చెప్పిన సంగతులు ఇప్పటికీ నాకు సగం నిద్రలో విన్నట్టు గుర్తున్నాయి. ఎప్పుడో ఐగుప్తులో సముద్రం ఒడ్డున ఒక పట్నం. అక్కడ బతకడానికి వచ్చి స్థిరపడిపోయిన యూదులు. తాతలు హీబ్రూ మాట్లాడేవారు, మనవళ్ళకు గ్రీకే వచ్చు. "మన పోరగాండ్లు మరాఠీల కలవరిస్తలేరా? గట్లనే. గందుకే గ్రంథాన్ని గ్రీకుల రాసుకోవల్సి వచ్చింది." అలా రాసేటప్పుడు వాళ్ళకూ మాలాంటి తిప్పలే వచ్చాయట. తమ వాళ్ళను ఏమనాలి? మిగతా జనాలకు ఎత్నోస్ అన్నారు. తమకు మాత్రం, అప్పటికే వాడుకలో పాతబడి పాటల్లో మిగిలిన లావోస్ అనే మాటను ఏరి పెట్టుకున్నారు. "పెట్టె అడుగున అవ్వ చీర ఉంటది సూడు. పండుగొస్తే తీసి కట్టుకుంటం. గట్ల తీసిన్రు గా మాట" అంది టీచరమ్మ. నాకు ఆ పట్నం దాజీ పేట్‌లాగే కనిపించేది. సముద్రం ఒడ్డున గంజి వాసన వేస్తూ, కాలువలో రంగునీళ్ళు పారుతూ.

"అయితే మనోళ్ళు అని రాద్దాం టీచరమ్మా. గంతే గదా!" అన్నాను. దొరికేసిందని నాకు సంబరం.

ఆమె కళ్ళద్దాలను కణుపుతో నెట్టుకుంది. "మంచి మాటనే. గాని మనోళ్ళు అన్నవంటే, మనోళ్ళు గానోళ్ళు గూడ ఉంటరు. గా మాటకు తలుపున్నది బిడ్డా. లోపలున్నోళ్ళకు తలుపు కనబడది. బయటున్నోళ్ళకు తలుపు తప్ప ఏం కనబడది." మళ్ళీ తనే, "గ్రీకు మాటకు గూడ ముందుగాల తలుపుండె. తర్వాత తెరిచిన్రు. ఎవ్వలకూ ఏమీ కానోళ్ళను పిలిచి, మీరు గూడ లావోసే అన్నరు. తెరిచిన తర్వాత గా మాటకు తెలుగు ఏందో, గదే నాకు చిక్కుత లేదు" అంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పేట అంతటా సాంచెలు ఒక్కసారి ఆగిపోయాయి. అలాంటప్పుడు దాజీ పేట్ నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉండేది. ఆ నిశ్శబ్దంలో టీచరమ్మ ఇంటి వెనక గోడలోంచి ఒక్క మగ్గం చప్పుడు వినపడింది. చేతిమగ్గం. టక్, టకటక్, టక్. పేటలో చేతిమగ్గాలు అప్పటికే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

"ఇయ్యాల అలిసిండు" అంది ఆమె. "ఎడమ చెయ్యి గుంజుతున్నట్టున్నది. గా మూడో దెబ్బ సూడు, తప్పుతున్నది."

"ఎవరు టీచరమ్మా?"

"అంబాదాసు. మా తమ్ముడు."

నాకు చేతిలో బీడీ విడిపోయింది. అంబాదాసు మామ వెనక గల్లీలో ఉంటాడు. ఆయన ఇంటి వెనక గోడా, ఈమె ఇంటి వెనక గోడా ఒకటే. ఆ గోడకు ఇవతల సొంత అక్క ఉందని ఇన్నేళ్ళలో గల్లీలో ఒక్కరూ నాతో అనలేదు. ఆమె తనే చెప్పింది, మాటల పుస్తకానికి చెప్పినంత తాపీగా. రంగుల కార్ఖానాలో పనిచేసే కిరస్తానపు పిల్లవాణ్ణి ఇష్టపడి చేసుకుంది. పుట్టింటివాళ్ళు పెళ్ళికి రాలేదు. ఒడిబియ్యం పోయలేదు. ఆ తర్వాత ఎన్నడూ పిలవలేదు. అమ్మానాన్నలు పోయారు. కొన్నాళ్ళకు అద్దె ఇల్లు వెతికేటప్పుడు, ఈ ఇల్లే కావాలని ఆమె భర్త దగ్గర పట్టుబట్టింది. "గోడకు చెవి పెడితే పుట్టిల్లు ఇనబడ్తది గద" అంది.

ఒడిబియ్యం మా తెలంగాణ వాళ్ళకు ఎంతటిదో చెప్పాలి. ఆడపిల్లకు పెళ్ళప్పుడూ, ఆ తర్వాత కొన్నేళ్ళకొకసారీ పుట్టింటివాళ్ళు పీట వేసి కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు దోసిళ్ళతో ఒడిలో పోస్తారు. మొదటి దోసిలి పుట్టింటిది. ఆమె అందులో కొంత పుట్టింట్లోనే వదిలి, మిగతాది తీసుకుపోయి, వండి పదిమందికీ పెడుతుంది. నువ్వు ఎక్కడికి పోయినా మా పిల్లవే అని చెప్పడం అది. భర్తతో కాపురం చేస్తున్న మనిషికి ఒడిబియ్యం పోయలేదంటే, ఆమె పుట్టిన ఇంటికి ఆమె పుట్టనే లేదన్నట్టు.

"హీబ్రూల లావోస్ వెనక ఇంకో మాటున్నది" అంది టీచరమ్మ, గోడ వైపే చూస్తూ. "అమ్. అంటే మొదట్ల తండ్రి దిక్కు చుట్టం. మన పాలోళ్ళు అన్నట్టు." ఒక్క తండ్రి సంతానంగా విడిపోయిన ఇళ్ళవాళ్ళను మేము పాలోళ్ళు అంటాం. "మరి పాలోళ్ళు అనే రాయమంటారా?" అని నేను అడగలేదు. ఇంతలో కరెంటు వచ్చింది. సాంచెల మోతలో తమ్ముడి మగ్గం మునిగిపోయింది. ఆమె తల కొంచెం వంచి, ఆ మోత అడుగున దాని కోసం వెతుకుతూ ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి తంబాకు ఘాటును తిట్టాను.

ఆ ఏడే వాళ్ళ ఇంటి పైకప్పు ఒకవైపు కుంగింది. హోట్గి రోడ్డు మీద ఉంటున్న కూతురు, "ఇక చాలు, మా దగ్గరికి రండి" అని గట్టిగా పట్టుబట్టింది. దానియేలు గారు సరేనన్నారు. టీచరమ్మ కూడా సరేనంది. సామాను కట్టేటప్పుడు మాత్రం ఆ వెనక గోడకు ఆనించిన మంచాన్ని చివరిదాకా తియ్యనివ్వలేదు. "ఇంక ఇనబడది గద" అని ఒక్కమాటంది. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

నేనే అంబాదాసు మామ దగ్గరికి వెళ్ళాను. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. నెరిసిన జుట్టు నిండా నూలు దూది. మూడో దెబ్బ నిజంగానే తప్పుతోంది. టీచరమ్మ వెళ్ళిపోతోందని, పోయేలోపు ఒక్కసారి ఒడిబియ్యం పొయ్యమని అడిగాను. ఆయన అటూ ఇటూ పోయే నాడెను ఆపలేదు.

"నేనొక్కన్నే అయితే ఎప్పుడో పోస్తుంటి. పాలోళ్ళు ఏమంటరు? రేపు నా ఇంట్ల శుభమైతే ఎవ్వలొస్తరు? నువ్వు చిన్నదానివి, నీకు తెల్వది. పో బిడ్డా."

ఇంటికి వచ్చి అత్తమ్మ ముందు కూలబడ్డాను. తిడుతుందనుకున్నాను. ఆమె చాట పక్కన పెట్టింది. పగటిపూట అత్తమ్మ చాట పక్కన పెట్టడం నేను అదే చూడటం. "నా పుట్టింటి ఇంటిపేరు ఏందో ఎర్కనా నీకు?" అంది. చెప్పింది. టీచరమ్మ పుట్టింటి ఇంటిపేరూ అదే. "ఇంటిపేరు ఒక్కటైతే అక్కచెల్లెండ్లమే. గీ గల్లీల అందరికీ ఎర్కనే. నాకూ ఎర్కనే. గామె మీద కోపం గాదు, మా అత్త నోటికి భయపడి మొదట్ల మాట్లాడలే. తర్వాత అలవాటైపాయె." కొంగుతో ముక్కు తుడుచుకుని, "మా అత్త పోయి ఎన్నేండ్లాయె! ఇంకెవ్వనికి భయం? నక్కీ జెప్తున్న, శుక్రారం పోస్త. నువ్వు బియ్యం కలుపు. నూనె ఎక్కువ పొయ్యకు" అంది.

శుక్రవారం టీచరమ్మ ఇంట్లో సామాను మూటలు కట్టి గోడవార పెట్టి ఉంది. మధ్యలో పీట. అత్తమ్మ తనతోపాటు గల్లీలోంచి నలుగురు ముత్తయిదువలను తీసుకొచ్చింది. వాళ్ళను ఏం చెప్పి తెచ్చిందో, ఏం బెదిరించి తెచ్చిందో నాకు తెలియదు. టీచరమ్మకు నేను ముందే చెప్పాను. అయినా మమ్మల్ని చూసి ఆమె గోడను పట్టుకుంది. "పాదిరి గారికి ఏం చెప్తరు?" అని నేను నెమ్మదిగా అడిగితే, "బియ్యానికి బాప్తిస్మం అక్కర్లేదులే" అంది. దానియేలు గారు నీలం గోళ్ళ చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు, కొత్త పెళ్ళికొడుకంత సిగ్గుగా.

అత్తమ్మ ఆమె పాదాలకు పసుపు రాసింది. కుంకుమ తీసిన వేలు నుదుటి దాకా వెళ్ళి ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "నీకొద్దంటే గడపకు పెడ్త" అంది అత్తమ్మ, వంగి గడపకు పెట్టింది. తర్వాత దోసిలి నిండా బియ్యం తీసుకుంది. కానీ పోయలేదు. వెనక గోడ వైపు తిరిగి నిలబడింది. గోడ అవతల మగ్గం ఆడుతోంది.

"అంబాదాసూ!" అని అరిచింది, గల్లీ అంతా వినపడేటట్టు. "మొదటి దోసిలి తోడబుట్టినోనిది. నువ్వు పోస్తవా, నన్ను పొయ్యమంటవా? నా చేతులు గుంజుతున్నయ్, జల్దీ జెప్పు!"

మగ్గం ఆగింది.

ఎక్కడో సాంచెలు మోగుతూనే ఉన్నాయి కానీ, మా అందరికీ ఆగిన ఆ ఒక్క చప్పుడే వినపడుతోంది. అత్తమ్మ చేతివేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు గింజలు నేల మీద పడ్డాయి. చాలాసేపైంది. "సరే తియ్యి" అని అత్తమ్మ ఇటు తిరిగింది. అప్పుడు గుమ్మంలో వెలుతురు తగ్గింది. గల్లీ చుట్టూ తిరిగి వచ్చిన అంబాదాసు మామ నిలబడి ఉన్నాడు. జుట్టులో దూది, భుజం మీద మగ్గం మీంచి అప్పుడే కోసిన బట్ట, ఇంకా గంజి బిరుసు పోనిది. అక్క ముఖం చూడలేక ఆ బట్ట అంచునే చూస్తూ లోపలికి వచ్చాడు. దాన్ని ఆమె ఒడిలో పరిచాడు. అత్తమ్మ తన దోసిలి ఆయన దోసిలిలోకి వంపింది.

"అక్కా," అన్నాడాయన. ఆ మాట పలికి ఎన్నేళ్ళైందో, గొంతు తుప్పు పట్టినట్టు వచ్చింది. "ఒడి పట్టు."

టీచరమ్మ రెండు చేతులతో ఆ బట్టను పట్టుకుంది. కళ్ళద్దాలు జారి బియ్యంలో పడ్డాయి. ఎవరూ తియ్యలేదు.

ఆ బియ్యంలో కొంత పుట్టింట్లో వదలాలి కదా. ఆమె తమ్ముడి వెంట గల్లీ చుట్టూ నడిచి వెళ్ళింది. వెనక నేనూ వెళ్ళాను. దేవుడి అలమర ముందు బియ్యం పెట్టాక, ఆమె మగ్గం పక్కనుంచి వెనక గోడ దాకా నడిచింది. ఇన్నేళ్ళూ అవతలి నుంచి చెవి పెట్టి విన్న గోడ. దాని మీద అరచెయ్యి ఆనించి, "గిటు దిక్కు గిట్లుంటదా" అంది. అంతే అంది. తర్వాత అంబాదాసు మామ పాలోళ్ళలో ఇద్దరు ముగ్గురు నిజంగానే ఆయన గడప తొక్కడం మానేశారు. ఆయన దాన్ని గురించి మాట్లాడేవాడు కాదు. నెలకోసారి సిటీ బస్సెక్కి అక్క ఇంటికి మాత్రం వెళ్ళేవాడు.

నేనూ వెళ్ళేదాన్ని. కాగితాలతో, చాట లేకుండా. మొదటిసారి వెళ్ళిన రోజే ఆమె, "లావోళ్ళ మాట తియ్యి" అంది. తీశాను. కొత్త ఇంట్లో గోడలు నున్నగా ఉన్నాయి, ఏ చప్పుడూ లేదు. ఆమె బడిలో డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "లావోస్. ఒడి పట్టుమని పిలిచేవారు."

"ఇంకా?" అన్నాను.

"ఇంకేం లేదు. చుక్క పెట్టు."

చర్చివాళ్ళకు అది అర్థం కాలేదు. కింద మామూలు మాట ఒకటి చేర్చమన్నారు. చేర్చుకోండి, పైది మాత్రం తియ్యొద్దు అందట టీచరమ్మ. పుస్తకం పలచగా అచ్చయింది. ఆమె పోయాక అంబాదాసు మామ నేసిన ఆ బట్టనే మీద కప్పారు. నాకు ఆమె మీద ప్రేమ ఎంతో నేను ఆమెతో ఏనాడూ అనలేదు. మా వైపు అలా అనుకోవడం అలవాటు లేదు. అందుకే ఇక్కడ అంటున్నాను.

బియ్యం కలపడం అయింది. గింజగింజకూ పసుపు పట్టింది. మా పక్క ఫ్లాటు కోడలు కవిత మరాఠీ పిల్ల. ఇంట్లో కాదన్న తెలుగబ్బాయిని చేసుకుంది. పుట్టింటివాళ్ళు ఇప్పటికీ ఫోనెత్తరు. పొద్దున పిలిచాను, ఇప్పుడు వచ్చి, పీట చూసి, బియ్యం చూసి, సంగతి తెలుసుకుని బెదిరినట్టు నిలబడిపోయింది. "మావశీ, మీ తుమ్చీ కోణ్?" అంది. నేను మీకేమవుతాను పిన్నీ అని.

ఒకప్పుడైతే నేను చాలా మాటలు వెతికేదాన్ని. దోసిలి నింపుకుని, "ఒడి పట్టు బిడ్డా" అన్నాను.

ఆ పిల్లకు తెలుగు రాదు. కొంగు చాపింది.